ఒక బీజీయ సమాసం బహుపది అవునో కాదో తేల్చడం ఎలా: మెట్టు మెట్టుగా

తొమ్మిదో తరగతిలో బహుపదుల పాఠం మొదలైన కొద్ది రోజులకే ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది: "కింది సమాసాలలో ఏవి బహుపదులు, ఏవి కావు? కారణం తెలపండి." చిన్న ప్రశ్నే కదా అని చాలామంది పిల్లలు "రూటు ఉంటే కాదు, కింద చరరాశి ఉంటే కాదు" అనే రెండు ముక్కలు బట్టీపట్టి గట్టెక్కుదామని చూస్తారు. ఆ రెండు ముక్కలను నమ్ముకుని నిజమైన బహుపదిని కొట్టేసేవారూ, బహుపది కానిదాన్ని బహుపదిగా ఒప్పుకునేవారూ ప్రతి ఏడాదీ కనిపిస్తూనే ఉంటారు. గుర్తుల జాబితాను కంఠస్థం చేయడం కంటే, ఆ గుర్తులన్నీ ఏ ఒక్క కారణం నుంచి పుట్టాయో తెలుసుకోవడం మేలు. ఈ మార్గదర్శి ఉద్దేశం అదే.

ముందుగా అక్షరాల సంగతి. పాఠ్యపుస్తకాలలో చరరాశులకు ఎక్స్, వై అని వాడతారు. నేను ఇక్కడ "య", "క" అని రాస్తాను. ఇది నా సొంత కల్పన కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు మొదటి అవ్యక్త రాశిని "యావత్తావత్" అనీ, అంటే ఎంత ఉంటే అంత అనీ, రెండవదాన్ని "కాలక" అంటే నలుపు అనీ పిలిచి, వాటి మొదటి అక్షరాలతోనే గణితం నడిపాడు. పై అంకెగా రాయడం వీలుకాని చోట ఘాతాన్ని ^ గుర్తుతో చూపుతాను. 2^య అంటే 2కు య ఘాతం అని చదువుకోవాలి.

నిర్వచనం ఒక్కటే, మిగిలినవన్నీ దాని పర్యవసానాలు

చరరాశినీ, కొన్ని స్థిరరాశులనూ తీసుకుని, కూడిక, తీసివేత, గుణకారం అనే మూడు పనులను మాత్రమే పరిమితమైనన్ని సార్లు చేసి నిర్మించగలిగిన సమాసమే బహుపది. చరరాశితో భాగించకూడదు, చరరాశికి మూలం తీయకూడదు, చరరాశిని ఘాతాంకం స్థానంలో కూర్చోబెట్టకూడదు. స్థిరరాశులతో మాత్రం ఏమైనా చేసుకోవచ్చు; ఎందుకంటే √3 అయినా, π అయినా, 2⁻³ అయినా చివరికి ఒక సంఖ్యే.

యను యతో గుణిస్తే య², మళ్లీ గుణిస్తే య³. ఇలా గుణకారం వలన పుట్టే ఘాతాంకాలు 1, 2, 3 మొదలైనవే తప్ప −1 గానీ 1/2 గానీ ఎన్నటికీ రావు. స్థిరపదాన్ని య⁰ ఉన్న పదంగా భావిస్తాము కనుక 0 కూడా చేరుతుంది. అందుకే పుస్తకం "చరరాశి ఘాతాంకాలు పూర్ణాంకాలు కావాలి" అంటుంది. ఇక్కడ మన తెలుగు పరిభాషలో ఒక చిక్కు ఉంది. పూర్ణాంకాలు వేరు, పూర్ణసంఖ్యలు వేరు. 0, 1, 2, 3 మొదలైనవి పూర్ణాంకాలు. వీటికి −1, −2 మొదలైన రుణ సంఖ్యలు కూడా చేరితే పూర్ణసంఖ్యలు. ఈ రెండు మాటలను కలగలిపిన విద్యార్థి య⁻²ను బహుపది పదంగా ఒప్పుకుంటాడు. అతని తర్కంలో లోపం లేదు, మాట దగ్గర పొరపాటు జరిగింది. కాబట్టి మాట దగ్గరే సరిదిద్దాలి.

బహుపది అనే పేరు కూడా కొందరిని తికమక పెడుతుంది. "పది" అన్నది ఇక్కడ సంఖ్య కాదు, పదాలు కలది అని అర్థం. "బహు" అన్నారు కదా అని పదాలు ఎక్కువ ఉండి తీరాలని కూడా లేదు. ఒకే పదం ఉన్న 5య³ బహుపదే, ఒంటరి సంఖ్య 7 బహుపదే, 0 కూడా శూన్య బహుపదే. అయితే శూన్య బహుపదికి పరిమాణం, అంటే చరరాశి అత్యధిక ఘాతాంకం, నిర్వచించరు.

మొదటి మెట్టు: ఏ అక్షరం చరరాశి?

ఈ ప్రశ్న వేసుకోకుండా జవాబు రాయడం పెద్ద పొరపాటు, ఎందుకంటే ఒకే సమాసం ఒక అక్షరం దృష్ట్యా బహుపది అయి, మరో అక్షరం దృష్ట్యా కాకపోవచ్చు.

మన ఊళ్లలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలు అని చెప్పుకుంటారు. "రెండు రూపాయల వడ్డీ" అంటే నెలకు నూటికి రెండు. పదివేల రూపాయల అప్పు తీసుకుని, నెలనెలా వడ్డీని అసలులో కలిపే ఒప్పందం చేసుకున్నారనుకుందాం. వడ్డీ నూటికి య రూపాయలైతే, రెండు నెలల తరువాత బాకీ 10000(1 + య/100)². దీన్ని విస్తరిస్తే 10000 + 200య + య² వస్తుంది. ఇది యలో రెండవ పరిమాణపు బహుపది, అంటే వర్గ బహుపది.

ఇప్పుడు వడ్డీ రెండు రూపాయలకే స్థిరపడి, నెలల సంఖ్య మారుతుందనుకుందాం. నెలల సంఖ్యను క అంటే, బాకీ 10000 × (1.02)^క. ఇక్కడ చరరాశి ఘాతాంకంలోకి ఎక్కింది, కాబట్టి ఇది కలో బహుపది కాదు. అదే అప్పు బారువడ్డీకి తీసుకుని ఉంటే బాకీ 10000 + 200క. ఇది కలో రేఖీయ బహుపది. బారువడ్డీ బాకీ నెలనెలా ఒకే మొత్తం చొప్పున పెరుగుతుండగా, చక్రవడ్డీ బాకీ తన మీద తానే పెరుగుతూ పోవడానికి కారణం ఈ తేడాలోనే ఉంది.

భౌతికశాస్త్రంలోనూ ఇదే తీరు. వృత్త వైశాల్యం వ్యాసార్ధంలో బహుపది. లఘులోలకపు డోలనావర్తన కాలం దాని పొడవులో బహుపది కాదు, ఎందుకంటే సూత్రంలో పొడవు వర్గమూలం కింద ఉంటుంది. కాబట్టి ప్రశ్నలో "యలో బహుపది" అన్నారా, "య, కలలో బహుపది" అన్నారా అని చూడాలి. య²/క అనేది యలో బహుపదే, ఎందుకంటే అక్కడ 1/క ఒక స్థిరమైన గుణకం. రెండు చరరాశులలో మాత్రం బహుపది కాదు.

రెండవ మెట్టు: హారంలో ఏముంది?

హారంలో సంఖ్య మాత్రమే ఉంటే భయం లేదు. య/5 అంటే యను 1/5తో గుణించడమే. (6య² + 4య)/2 బహుపది. హారంలో చరరాశి ఉంటే, అంటే 5/య, 1/(య + 3), (య + 1)/(య − 4) వంటివి కనబడితే, అవి బహుపదులు కావు; వాటిని అకరణీయ సమాసాలు అంటారు. రుణ ఘాతాంకం కూడా మారువేషంలో ఉన్న హారమే: య⁻³ అన్నా 1/య³ అన్నా ఒకటే. కానీ 2⁻³య²లో రుణ ఘాతాంకం సంఖ్య మీద ఉంది, చరరాశి మీద కాదు. అది (1/8)య², చక్కని ఏకపది.

మూడవ మెట్టు: మూలం గుర్తు కింద ఏముంది?

√3య² − య/5 + 7ను బల్ల మీద రాసి అడిగితే, తరగతిలో సగం చేతులు "కాదు" అనే వైపే లేస్తాయి. √ గుర్తు కంటపడగానే నిర్ణయం అయిపోతుంది. కానీ ఆ గుర్తు 3 మీద ఆగిపోయింది, య² దాని బయటే ఉంది. √3 కరణీయ సంఖ్య అయినంత మాత్రాన గుణకంగా పనికిరాకుండా పోదు. గుణకాలు ఏ వాస్తవ సంఖ్యలైనా కావచ్చు. పూర్ణాంకం కావాలన్న నియమం ఘాతాంకానికే గానీ గుణకానికి కాదు. ఈ ఒక్క వాక్యం మనసుకు పడితే ఈ పాఠంలో జరిగే తప్పులలో చాలా భాగం పోతాయని నా నమ్మకం.

గుర్తు చరరాశిని కూడా కప్పితే, √(3య) వలె, అది య^(1/2)ను కలిగి ఉంటుంది, బహుపది కాదు. అందువల్ల చేత్తో రాసేటప్పుడు మూలం గీత ఎక్కడ ఆగిందో స్పష్టంగా గీయాలి. అర అంగుళం గీత పొడవు జవాబును తారుమారు చేస్తుంది.

నాలుగవ మెట్టు: చరరాశి ఎక్కడ కూర్చుంది, దానికి ఏ చిహ్నాలు తగిలాయి?

య² బహుపది, 2^య కాదు. మొదటిదానిలో ఎన్నిసార్లు గుణించాలో ముందే తెలుసు. రెండవదానిలో ఆ సంఖ్యే మారుతూ ఉంటుంది. సైన్, కొసైన్ వంటి త్రికోణమితి ప్రమేయాలు గానీ, సంవర్గమానం గానీ, రుణ గుర్తును తీసేసే పరమమూల్యపు నిలువు గీతలు గానీ చరరాశికి తగిలితే సాధారణంగా అది బహుపది కాదు. సైన్ 30° మాత్రం ఒక సంఖ్య, 1/2. కాబట్టి య² × సైన్ 30° బహుపదే.

"పరిమితమైనన్ని సార్లు" అన్న మాటను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1 + య + య² + య³ + … అని చుక్కలు పెట్టి అంతులేకుండా సాగేదానిలో ప్రతి పదమూ నియమానికి లోబడినా, మొత్తం బహుపది కాదు. కేరళకు చెందిన మాధవుడి సంప్రదాయంలోని గణితవేత్తలు సైన్ విలువను ఇటువంటి అనంత శ్రేణిగా రాశారు. ఆ శ్రేణిని ఏదో ఒక పదం దగ్గర ఆపితే బహుపది వస్తుంది, అది సైన్‌కు దగ్గరి విలువ ఇస్తుంది. ఆపకపోతే బహుపది కాదు.

సమాన గుర్తు గురించి ఒక మాట. య² − 5య + 6 = 0 అనేది సమీకరణం. దాని ఎడమవైపున ఉన్నది బహుపది.

ఐదవ మెట్టు: సూక్ష్మీకరించాక చూడాలా, ముందే చూడాలా?

అసలైన కష్టం ఇక్కడ ఉంది, పుస్తకాలు తొందరగా దాటిపోయేదీ ఇక్కడే. అందుకే కాస్త నిలబడి చూద్దాం.

కుండలీకరణాల గుణకారం ఉన్నంత మాత్రాన విస్తరించనక్కరలేదు. (య + 2)(య − 3)⁵లో కూడిక, తీసివేత, గుణకారం తప్ప మరేమీ లేవు; విస్తరించకుండానే బహుపది అని చెప్పవచ్చు, పరిమాణం 6 అని కూడా చెప్పవచ్చు. పరిమాణం దగ్గర మాత్రం పదాలు రద్దవుతాయేమో చూసుకోవాలి: (య + 1)² − య² చూడటానికి రెండవ పరిమాణంలా ఉన్నా, తీసివేసాక మిగిలేది 2య + 1.

చిక్కు భిన్నాలతో మొదలవుతుంది. (య² − 1)/(య − 1)ను తీసుకుని, లవాన్ని (య − 1)(య + 1)గా రాసి, పైనా కిందా కొట్టేసి, "య + 1 వచ్చింది, కాబట్టి బహుపది" అనేవారు ఉన్నారు. య = 1 పెట్టి చూడండి. అసలు సమాసం 0/0 అవుతుంది, అంటే దానికి అక్కడ విలువే లేదు. య + 1కు అదే చోట 2 అనే విలువ ఉంది. విలువ లేనిదీ, విలువ ఉన్నదీ ఒకటి ఎలా అవుతాయి? బహుపదికి చరరాశి స్థానంలో ఏ వాస్తవ సంఖ్య పెట్టినా విలువ వచ్చి తీరాలి. కాబట్టి ఇచ్చిన సమాసం బహుపది కాదు; య = 1 తప్ప మిగిలిన అన్ని చోట్లా య + 1తో ఏకీభవించే అకరణీయ సమాసం అని చెప్పడమే సరైనది.

దీని నుంచి ఒక పద్ధతి దొరుకుతుంది. సూక్ష్మీకరించేటప్పుడు, ఏ వాస్తవ సంఖ్య దగ్గరా విలువ మారకుండా, పోకుండా, కొత్తగా రాకుండా ఉంటే సూక్ష్మీకరించిన రూపాన్ని నమ్మవచ్చు. ఒక్క చోట తేడా వచ్చినా నమ్మకూడదు. (య³ + య)/(య² + 1)ను ఈ పద్ధతితో చూద్దాం. లవం య(య² + 1). హారం య² + 1 ఏ వాస్తవ సంఖ్యకూ సున్నా కాదు, ఎప్పుడూ కనీసం 1 ఉంటుంది. కొట్టివేత వల్ల ఎక్కడా ఏమీ చెడలేదు కాబట్టి, వాస్తవ సంఖ్యల వరకు ఇది యకు సమానం. అయినా పరీక్షలో ఇటువంటిది అడిగితే "ఇచ్చిన రూపం అకరణీయ సమాసం, అన్ని వాస్తవ విలువలకూ య అనే బహుపదికి సమానం" అని రెండు వాక్యాలూ రాయమని నేను చెబుతాను. ఒక్క "అవును" కంటే అది నిజాయితీగల జవాబు.

మూలాలకూ ఇదే పద్ధతి. √(య²)ను య అని రాసేయడం తరగతి గదిలో అతి తరచుగా జరిగే తప్పు. య స్థానంలో −4 పెట్టండి: వర్గం 16, దాని వర్గమూలం 4, మనం పెట్టిన −4 కాదు. √ గుర్తు ఎప్పుడూ రుణం కాని విలువనే ఇస్తుంది. కాబట్టి √(య²) = |య|. ఇది బహుపది కాదు. అయితే √(య⁴) మాత్రం య², ఎందుకంటే య² ఎన్నడూ రుణం కాదు. ఇది బహుపదికి సమానం. ఘనమూలం దగ్గర ఈ బాధే లేదు: ∛(య³) ధన సంఖ్యకైనా రుణ సంఖ్యకైనా య అవుతుంది. ఇక (√య)² రూపంలో ఇస్తే, రుణ సంఖ్యలకు √య వాస్తవ సంఖ్య కాదు గనుక, అది సున్నా, ధన సంఖ్యల దగ్గర మాత్రమే యతో ఏకీభవిస్తుంది, బహుపదిగా లెక్కించకూడదు.

|య| బహుపది కాదని నిరూపించగలమా?

"నిలువు గీతలు ఉన్నాయి కాబట్టి కాదు" అన్నది కారణం కాదు, √(య⁴) దగ్గర చూసినట్టు గుర్తును బట్టి తీర్పు చెప్పలేము. నిరూపణ ఇలా ఉంటుంది. ఒక బహుపది పరిమాణం 3 అయితే దానికి మూడు కంటే ఎక్కువ శూన్యాలు, అంటే దాని విలువను సున్నా చేసే చరరాశి విలువలు, ఉండవు. పరిమాణం ఎంతైతే శూన్యాలు గరిష్ఠంగా అన్నే. ఇప్పుడు |య| బహుపదే అనుకుంటే, |య| − య కూడా బహుపదే కావాలి. కానీ య ధన సంఖ్య అయినప్పుడల్లా |య| − య సున్నా. అంటే శూన్యాలు అనంతం. అన్ని శూన్యాలు శూన్య బహుపదికి తప్ప ఉండవు. య = −1 దగ్గర దాని విలువ 2, కాబట్టి అది శూన్య బహుపదీ కాదు. మన ఊహ తప్పని తేలింది. ఇదే వాదంతో సైన్ య కూడా బహుపది కాదని చెప్పవచ్చు: దాని శూన్యాలు 0, 180°, 360° అంటూ అంతం లేకుండా సాగుతాయి, అది సున్నా ప్రమేయం కాదు కూడా.

2^య విషయంలో భేదాల పట్టిక చాలా అందంగా పనిచేస్తుంది. సమాన దూరంలో ఉన్న విలువలు పెట్టి, పక్కపక్క జవాబుల భేదాలు, ఆ భేదాల భేదాలు రాస్తూ పోతే, బహుపది అయినప్పుడు దాని పరిమాణం ఎంతో అన్నో వరుసలో ఒకే సంఖ్య నిలబడుతుంది. మన వడ్డీ బహుపది 10000 + 200య + య²లో యకు 0, 1, 2, 3, 4 పెట్టి చూద్దాం.

విలువలు: 10000, 10201, 10404, 10609, 10816
మొదటి భేదాలు: 201, 203, 205, 207
రెండవ భేదాలు: 2, 2, 2

పరిమాణం 2, రెండవ వరుసలోనే స్థిరపడింది. ఇక 2^యకు అవే విలువలు పెడితే 1, 2, 4, 8, 16 వస్తాయి. భేదాలు 1, 2, 4, 8. వాటి భేదాలు 1, 2, 4. ఎన్ని వరుసలు దిగినా అదే వరుస మళ్లీ పుడుతుంది, ఎందుకంటే 2^(య+1) − 2^య విలువ మళ్లీ 2^యే. ఎన్నటికీ స్థిరపడదు, కాబట్టి బహుపది కాదు. ఒక హెచ్చరిక మాత్రం అవసరం: నాలుగైదు విలువలలో భేదాలు స్థిరపడ్డాయని చూసి బహుపది అని తీర్పు చెప్పకూడదు. పట్టికలోని కొద్ది బిందువుల గుండా ఎన్నో రకాల ప్రమేయాలు పోగలవు.

అన్ని మెట్లూ ఒకే సమాసం మీద

(2య³ − √5య)/4 + √(య⁴ + 2య² + 1) − |య|² అనే సమాసాన్ని తీసుకుందాం. హారం, మూలాలు, నిలువు గీతలు అన్నీ ఉన్నాయి. చరరాశి య ఒక్కటే. మొదటి భాగంలో హారం 4, సంఖ్యే. √ గుర్తు 5 మీదే ఆగింది, కాబట్టి అది (1/2)య³ − (√5/4)య. రెండవ భాగంలో మూలం కింద ఉన్నది (య² + 1)². య² + 1 ఎప్పుడూ ధనమే కాబట్టి మూలం తీస్తే ఏ వాస్తవ సంఖ్యకైనా య² + 1 వస్తుంది. మూడవ భాగంలో |య|ను వర్గం చేస్తే రుణ గుర్తు ఎలాగూ పోతుంది, అది య². కలిపి రాస్తే రెండు య²లు రద్దయి (1/2)య³ − (√5/4)య + 1 మిగులుతుంది. ఏ మెట్టులోనూ ఏ విలువా మారలేదు. ఇచ్చినది బహుపదికి సమానం, పరిమాణం 3.

అదే సమాసంలో చివరి |య|² మీది వర్గం తీసేసి |య| అని మాత్రమే ఉంచితే, మిగిలేది (1/2)య³ + య² − (√5/4)య + 1 − |య|. ఇది బహుపదే అనుకుంటే, దీన్ని (1/2)య³ + య² − (√5/4)య + 1 నుంచి తీసివేసినప్పుడు వచ్చే |య| కూడా బహుపది కావాలి, ఎందుకంటే రెండు బహుపదుల భేదం ఎప్పుడూ బహుపదే. |య| బహుపది కాదని పైన నిరూపించాము. కాబట్టి ఇదీ కాదు.